జులైలో ఆల్ప్స్ టూర్: పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్తున్నాం, ఏం సర్దుకోవాలి?

గోదారిగాలి
జులై మొదటి వారంలో బయలుదేరుతున్నాం. హైదరాబాద్ నుంచి జూరిక్, తర్వాత ఇంటర్‌లాకెన్ దగ్గర కొన్నాళ్లు, అక్కడి నుంచి ఆస్ట్రియా మీదుగా ఇటలీలోని డోలమైట్స్ కొండలు, తిరుగు విమానం మ్యూనిక్‌లో. నాన్నకి బీపీ ఉంది, అమ్మకి మోకాళ్ల నొప్పులు, పిల్లలకి పదేళ్లు, ఆరేళ్లు. వీసాలు, టికెట్లు అయిపోయాయి, ఇప్పుడు తలనొప్పంతా సర్దుకోవడం దగ్గరే. ట్రావెల్ ఏజెంట్ ఇచ్చిన లిస్టులో థర్మల్స్, గ్లౌజులు, మంకీ క్యాప్ దాకా ఉన్నాయి. పోయినేడాది వెళ్లొచ్చిన మా ఆడపడుచేమో "అదంతా వేస్ట్ వదినా, ఎండకి మాడిపోయాం, కాటన్ బట్టలు చాలు" అంటోంది. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. అమ్మ మాత్రం ఒక సూట్‌కేసు మొత్తం పచ్చళ్లకీ పొడులకీ కేటాయించేసింది, దాని మీద చర్చ లేదట. మనిషికి 23 కిలోలు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

లగేజీ_తక్కువ
ఏజెంటూ కరెక్టే, మీ ఆడపడుచూ కరెక్టే. ఆవిడ లోయ సంగతి చెప్పింది, ఆయన కొండ సంగతి చెప్పాడు. మీరు ఒకే రోజు రెండు చోట్లా ఉంటారు.

మ్యూనిక్_మావయ్య
పైన అన్నదే కాస్త లెక్కతో చెప్తా. ఇంటర్‌లాకెన్ సుమారు 570 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడి నుంచి అందరూ వెళ్లే కొండ మీది రైల్వే స్టేషన్ యుంగ్‌ఫ్రావ్‌యోక్ 3454 మీటర్లలో. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతాయి. అంటే కింద 28 ఉన్న రోజు కూడా పైన పది లోపే, గాలి వీస్తే ఒంటికి ఇంకా తక్కువ అనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజైతే జులైలోనూ పైన మంచు పడొచ్చు. అందుకని లావుపాటి కోటు ఒకటి మోసుకెళ్లే బదులు పలచటివి మూడు పెట్టుకోండి. ఒంటిమీద చెమట త్వరగా ఆరిపోయే టీషర్టు, దాని మీద ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా, వెచ్చగా ఉండే పైచొక్కా), ఆ పైన వానా గాలీ ఆపే జాకెట్. ఎండొస్తే ఒక్కోటీ తీసి బ్యాగులో పడేయడమే. కాటన్ బట్టలు కింద ఊళ్లో తిరగడానికి హాయిగా ఉంటాయి, కొండెక్కితే చెమటకి తడిసి ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తాయి. జీన్స్ తడిసిందంటే ఇక ఆ రోజుకి ఆరదు. థర్మల్స్ అందరికీ అక్కర్లేదు, అమ్మానాన్నలకి పై భాగం ఒక్కోటి చాలు. పలచటి గ్లౌజులు, చెవులు మూసే టోపీ మనిషికొకటి. మంకీ క్యాప్ అని నవ్వకండి, ఆ గాలికి ముందు నొప్పెట్టేది చెవులే.

వరంగల్_వాణి
జాకెట్లు హైదరాబాద్‌లోనే కొనేయండి, స్విట్జర్లాండ్‌లో ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. కొనేటప్పుడు "వాటర్ రెసిస్టెంట్" అని ఉంటే అది చినుకులకే. వాటర్‌ప్రూఫ్ అని ఉండాలి, తిరగేసి చూస్తే లోపల కుట్ల మీద పొడుగునా టేపు అతికించి ఉండాలి. మేం కొన్నాక మా వాడికి జాకెట్ తొడిగి, జిప్ గడ్డం దాకా వేసి, షవర్ కింద అయిదు నిమిషాలు నిలబెట్టాం. భుజాల దగ్గర లోపలి టీషర్టు పొడిగా ఉందంటే పాసైనట్టే. పిల్లలకి ఒక సైజు పెద్దది తీసుకోండి, ఫ్లీస్ మీద పట్టాలి కదా.

నెల్లూరోడు
ఇంత హడావుడి ఎందుకండీ, మంచి గొడుగు ఉంటే సరిపోదా?

కొండదారి
@నెల్లూరోడు ఊళ్లో సరిపోతుంది. పైన గాలికి గొడుగు తిరగబడుతుంది, పైగా ఉరుములప్పుడు గుట్ట మీద ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడటం మంచిది కాదు.

బట్టల సంగతి మావయ్యగారు చెప్పేశారు, నేను చెప్పులూ బూట్ల గురించి చెప్తా, మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది అక్కడే. అందరికీ చీలమండ దాకా వచ్చే పెద్ద ట్రెక్కింగ్ బూట్లు అవసరం లేదు. కానీ అడుగున గట్టిగా పళ్లున్న షూ తప్పనిసరి. యుంగ్‌ఫ్రావ్‌యోక్‌లో బయట తొక్కేది మంచునే, డోలమైట్స్ దారుల్లో కాళ్ల కింద సన్న కంకర జారుతుంది. నున్నగా అరిగిన స్పోర్ట్స్ షూ రెండు చోట్లా ప్రమాదమే. కొత్తవి కొంటే ఇప్పుడే తొడుక్కుని రోజూ వాకింగుకి వెళ్లండి, అక్కడ మొదటిసారి వేసుకుంటే మడమ దగ్గర బొబ్బలు ఖాయం. అమ్మగారికి ట్రెక్కింగ్ కర్రలు ఒక జత తీసుకోండి. మోకాళ్లకి ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే భారం ఎక్కువ, కర్రలుంటే ఆ బరువు కొంత చేతుల మీదకి మళ్లుతుంది. వాటిని చెకిన్ సూట్‌కేసులోనే పెట్టాలి, చేతి సంచిలో రానివ్వరు.

లగేజీ_తక్కువ
కర్రలు మడత పెట్టేవి కొనండి, లేకపోతే మీడియం సూట్‌కేసులో పట్టవు.

పచ్చడి_ప్రియ
అమ్మగారి సూట్‌కేసు దగ్గరికి నేను వస్తున్నా 😀 అసలు అందులో ఏమున్నాయో చెప్పండి, ఎందుకంటే అన్నీ తీసుకెళ్లడానికి వీల్లేదు.

గోదారిగాలి
ఆవకాయ, గోంగూర, కంది పొడి, కరివేపాకు పొడి, పులిహోర పేస్టు, నెయ్యి సీసా, పాలకోవా, పచ్చి కరివేపాకు ఒక కవరు, నాన్న కోసం చికెన్ పచ్చడి.

పచ్చడి_ప్రియ
నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, పచ్చి కరివేపాకు ఈ నాలుగూ తీసేయండి. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి మాంసం, పాలు, వాటితో చేసినవి ప్రయాణికులు తెచ్చుకోకూడదు, ఇంట్లో వాడుకోవడానికైనా సరే. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేకపోయినా ఈ విషయంలో అదే పద్ధతి. పచ్చి ఆకులకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి, మనం తెచ్చే కవరుకి అదెవరిస్తారు? ఆవకాయ, గోంగూర, పొడులు, పేస్టు నిశ్చింతగా పట్టుకెళ్లండి.

ప్యాకింగ్ మాత్రం జాగ్రత్త. గాజు సీసా వద్దు, వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. నూనె అంచు దాకా పోయకుండా రెండు వేళ్ల ఖాళీ ఉంచండి, పాలిథిన్ ముక్క రెండు మడతలు వేసి మూతి మీద పరిచి అప్పుడు మూత బిగించండి, మూత చుట్టూ టేపు, ఆ డబ్బాని జిప్ కవర్లో, దాన్ని ఇంకో కవర్లో. చేతి సంచిలో పెడితే 100 మిల్లీలీటర్ల నిబంధనలో పచ్చడీ ఇరుక్కుంటుంది, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు.

నెల్లూరోడు
మరి చేపల పచ్చడి? రొయ్యల పచ్చడి? మాంసం కిందే లెక్కా?

పచ్చడి_ప్రియ
@నెల్లూరోడు యూనియన్ నిబంధనల్లో చేపలు, రొయ్యలు ఆ నిషేధంలోకి రావు. మనిషికి 20 కిలోల దాకా అనుమతి ఉంది.

నెల్లూరోడు
20 కిలోలా! నెల్లూరు వాళ్లకి ఇంతకంటే మంచి వార్త ఉండదు.

మ్యూనిక్_మావయ్య
నెయ్యి గురించి బెంగ వద్దు. స్విస్ సూపర్ మార్కెట్లలో బ్రాట్‌బట్టర్ అనీ జర్మనీ, ఆస్ట్రియాల్లో బట్టర్‌ష్మాల్ట్స్ అనీ దొరుకుతుంది, అది కాచిన వెన్నే. వేడన్నంలో వేసుకుంటే అమ్మగారు కూడా ఒప్పుకుంటారు. పెరుగు, బియ్యం, ఉల్లి, టమాటా, బంగాళాదుంప కో-ఆప్, మిగ్రోస్‌లలో దొరుకుతాయి. ఆదివారం దాదాపు అన్నీ మూసేస్తారు, పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరిచి ఉంటాయి. మీరు శనివారం సాయంత్రం దిగితే ముందు సరుకులు కొని తర్వాతే గదికి వెళ్లండి.

వరంగల్_వాణి
వంట చేసుకోవాలంటే కిచెన్ ఉన్న అపార్ట్‌మెంటే తీసుకోండి, హోటల్ గదిలో కుక్కర్ పెట్టకండి. మేం దిగిన చోట పక్క గదివాళ్లు పోపు వేస్తే స్మోక్ అలారం మోగి అందరం అర్ధరాత్రి లాన్‌లో నిలబడాల్సి వచ్చింది, పసిపిల్లలతో సహా.

వైర్ల_రాజు
కుక్కర్ మాట వచ్చింది కాబట్టి ప్లగ్గుల గురించి. వోల్టేజి మనదే, 230, కాబట్టి కన్వర్టర్ అక్కర్లేదు, అడాప్టర్ చాలు. చిక్కేమిటంటే స్విట్జర్లాండ్ సాకెట్ వేరు, జర్మనీ, ఆస్ట్రియా సాకెట్ వేరు. జర్మన్ లావుపాటి గుండ్రటి ప్లగ్గు స్విస్ సాకెట్లో దూరదు. "యూరప్ అడాప్టర్" అని అమ్మేవి చాలావరకు ఆ గుండ్రటివే. బల్లపరుపుగా, సన్నటి రెండు పిన్నులున్న రకం మీ దారిలో ఉన్న నాలుగు దేశాల్లోనూ పడుతుంది. మన ఫోన్ చార్జర్లలో సన్న రెండు పిన్నులవి అడాప్టర్ లేకుండానే పట్టేస్తాయి. రైస్ కుక్కర్ లాంటి ఎక్కువ కరెంటు లాగేవి ఆ చిన్న అడాప్టర్ల మీద పెట్టకండి. ఎన్ని ఆంపియర్లకో దాని మీదే రాసి ఉంటుంది, చదివి కొనండి.

గోదారిగాలి
ఫోన్ సిమ్ ఇక్కడే తీసుకోవాలా, అక్కడా?

లగేజీ_తక్కువ
ఎక్కడైనా సరే, ప్లాన్‌లో స్విట్జర్లాండ్ అనే పేరు కనిపించాలి. కొన్ని యూరప్ ప్యాకులు యూనియన్ దేశాలకే. మీరు దిగేదే జూరిక్‌లో.

డాక్టరమ్మ_విశాఖ
నాన్నగారికి బీపీ అన్నారు కదా, ఇది కాస్త శ్రద్ధగా చదవండి. 3454 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. బీపీ మందులతో అదుపులో ఉన్నవాళ్లు చాలామంది వెళ్లొస్తారు, కానీ బయలుదేరే ముందు ఆయన్ని చూసే డాక్టర్ని ఈ ఎత్తు అంకె చెప్పి మరీ అడగండి. గుండె జబ్బు, ఆయాసం ఉంటే ఇంకా ముఖ్యం. కేబుల్ కారులో గ్రిండెల్‌వాల్డ్ నుంచి నేరుగా పైకి దూసుకెళ్లే బదులు, క్లైన షైడెగ్ మీదుగా వెళ్లే రైలెక్కండి. ఆ స్టేషన్ 2061 మీటర్ల దగ్గర ఉంటుంది, అక్కడ దిగి గంటసేపు కూర్చుని టీ తాగి మళ్లీ ఎక్కండి. పైన మెట్లు గబగబా ఎక్కొద్దు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే ఫొటోల కోసం ఆగకుండా వెంటనే కిందికి దిగిపోవాలి, దానికి అదే మందు.

మాత్రలు టూర్ మొత్తానికి సరిపడా, పైన ఇంకో వారానికి, అసలు స్ట్రిప్పుల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలో. మందు పేరు జెనెరిక్‌లో రాయించుకోండి, మన బ్రాండ్ పేర్లు అక్కడి ఫార్మసీలో అర్థం కావు. యాంటీబయాటిక్ లాంటివి చీటీ లేకుండా ఇవ్వరు.

ఎండ సంగతి తేలిగ్గా తీసుకోకండి. వెయ్యి మీటర్లకి అతినీల కిరణాలు దాదాపు పది శాతం పెరుగుతాయి, కొత్తగా పడ్డ మంచు వాటిని 80 శాతం దాకా తిప్పి మొహం మీదకే కొడుతుంది. చలిగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేస్తే సాయంత్రానికి పిల్లల ముక్కులు ఎర్రబడి పొక్కులొస్తాయి. నల్ల కళ్లద్దాలు పెద్దవాళ్లకే కాదు, ఆరేళ్ల వాడికీ కావాలి.

నెల్లూరోడు
డాక్టర్ గారు, వీసాకి ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకుంటారు కదా, అది చాలదా?

డాక్టరమ్మ_విశాఖ
వీసా కోసం అడిగేది కనీసం 30,000 యూరోల కవరేజి. ఆ పాలసీలో ముందు నుంచీ ఉన్న జబ్బులు కవర్ అవుతాయా, కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో తేవాల్సి వస్తే ఆ ఖర్చు ఇస్తారా అన్నవి రెండూ చదవాలి. చాలామంది ప్రీమియం మాత్రమే చూసి కొంటారు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఆ రెండు వాక్యాలే పాలసీకి ప్రాణం.

లగేజీ_తక్కువ
నన్నడిగితే అసలు యుంగ్‌ఫ్రావ్‌యోక్ మానేయండి. బోలెడంత డబ్బు, పైన మబ్బుంటే తెల్ల గోడ తప్ప ఏమీ కనపడదు. అదే లోయలో షీనిగె ప్లాట్ ఉంది, 1967 మీటర్లు, పాత పళ్ల చక్రాల రైలు, పైన పూల తోట, ఎదురుగా ఐగర్, మ్యోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలూ వరసగా. అమ్మానాన్నలకి ఊపిరి ఇబ్బందీ ఉండదు.

వరంగల్_వాణి
@లగేజీ_తక్కువ ఒప్పుకోను. మా అత్తగారు జీవితంలో మొదటిసారి మంచు ముట్టుకున్నది అక్కడే, ఆవిడ మొహం చూశాక టికెట్ ధర మళ్లీ నాకు గుర్తు రాలేదు. ముందే కొనకుండా ఉంటే చాలు. పొద్దున లేచి వెబ్‌కామ్ చూడండి, పైన ఆకాశం నీలంగా ఉంటేనే టికెట్ తీసుకోండి. మీరు అక్కడ కొన్నాళ్లు ఉంటున్నారు కాబట్టి ఆ వెసులుబాటు ఉంది.

లగేజీ_తక్కువ
వెబ్‌కామ్ చూసి వెళ్తానంటే నాకూ అభ్యంతరం లేదు.

గోదారిగాలి
స్విస్ ట్రావెల్ పాస్ తీసుకుంటే యుంగ్‌ఫ్రావ్ కూడా ఫ్రీ అని ఏజెంట్ అన్నాడు, నిజమేనా?

మ్యూనిక్_మావయ్య
కాదమ్మా. పాస్‌తో మామూలు రైళ్లు, బస్సులు, సరస్సుల్లో పడవలు, రీగీ కొండ రైలు ఉచితం. యుంగ్‌ఫ్రావ్‌యోక్ పై భాగానికి 25 శాతం తగ్గింపు మాత్రమే, టిట్లిస్ కొండకి సగం. మీ పిల్లలిద్దరికీ ఫ్యామిలీ కార్డు అడగండి, అది ఉచితమే. తల్లి గానీ తండ్రి గానీ పాస్‌తో పక్కన ఉంటే ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలకి టికెట్ ఉండదు. తాతయ్యతో మాత్రమే పంపిస్తే చెల్లదు.

రూట్ గురించి కూడా చెప్తా. జూరిక్‌లో కారు తీసుకుని మ్యూనిక్‌లో ఇచ్చేస్తే వేరే దేశంలో వదిలినందుకు చార్జీ బాగా పడుతుంది. స్విట్జర్లాండ్ మొత్తం రైళ్లలో తిరగండి, జూరిక్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కి నేరుగా రైలుంది, ఆర్ల్‌బెర్గ్ కొండల మీదుగా మూడున్నర గంటలు, కిటికీ దగ్గర సీటు రిజర్వ్ చేసుకోండి. ఇన్స్‌బ్రుక్‌లో కారు తీసుకుని డోలమైట్స్ చూసి మళ్లీ అక్కడే ఇచ్చేయండి, అక్కడి నుంచి మ్యూనిక్ రైల్లో రెండు గంటల లోపే. కారు ఇటలీకి తీసుకెళ్తున్నామని ముందే రాయించండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులో తీసుకోవాలి, ఇంటి లైసెన్స్ కూడా వెంట ఉండాలి. ఆస్ట్రియా హైవేలకి విన్యెట్ (హైవే వాడకానికి కొనే స్టిక్కర్) కావాలి, ఇటలీకి దాటే బ్రెనర్ దారికి దాని మీద విడిగా టోల్. జులై శనివారాల్లో ఆ దారి కిక్కిరిసి ఉంటుంది, వారం మధ్యలో దాటండి. కారుతో పాటు పిల్లలిద్దరికీ చైల్డ్ సీట్లు బుక్ చేయండి, ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కుదరదు.

కొండదారి
డోలమైట్స్‌లో అమ్మగారి మోకాళ్లకి రెండు చోట్లు చెప్తా. ఒకటి ఆల్పె ది సియూసీ, కేబుల్ కారులో పైకెళ్తే విశాలమైన పచ్చిక మైదానం, దారులు దాదాపు సమతలం, బెంచీలుంటాయి. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా పర్యాటకుల కార్లని పైకి రానివ్వరు, అందుకే కేబుల్ కారు. రెండోది త్రె చీమె శిఖరాల దగ్గర. 2320 మీటర్ల దగ్గర అవురొంజో సత్రం దాకా బస్సు వెళ్తుంది, అక్కడి నుంచి లవరేదో సత్రం వరకు వెడల్పాటి, ఎత్తుపల్లాలు పెద్దగా లేని దారి. ఆ పైన కనుమ దాకా ఎక్కాలి, అది పిల్లలూ మీరూ వెళ్లి రండి, పెద్దవాళ్లు సత్రంలో కూర్చుని సూప్ తాగుతారు.

ఏ కొండ అయినా ఒకటే సూత్రం, పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయడం. జులై, ఆగస్టుల్లో లోయలు వేడెక్కి మధ్యాహ్నం రెండు తర్వాత ఉరుముల వానలు పడతాయి. ఒకసారి మెన్లిహెన్ మీద ఎండలో కూర్చుని ఉన్నాం, వెనక కొండ మీద బూడిద రంగు మబ్బు చిన్నది కనిపించింది. పావుగంటలో బఠాణీ గింజంత వడగళ్లు. జాకెట్లు బ్యాగులో అన్నిటికంటే పైన ఉన్నాయి కాబట్టి పిల్లలు తడవలేదు. మీరూ అలాగే సర్దండి, అడుగున ఉన్న జాకెట్ లేనట్టే లెక్క.

స్విట్జర్లాండ్‌లో పసుపు బోర్డు దారి ఎవరైనా నడవొచ్చు. తెలుపు-ఎరుపు-తెలుపు గీతలుంటే కొండ దారి, గట్టి బూట్లు, తడబడని అడుగు కావాలి. తెలుపు-నీలం-తెలుపు మీకు వద్దే వద్దు. బోర్డు మీద రాసిన సమయంలో విశ్రాంతి కలిపి ఉండదు, పెద్దవాళ్లతో ఒకటిన్నర రెట్లు వేసుకోండి. చివరి కేబుల్ కారు ఎన్నింటికో ఎక్కే ముందే ఫొటో తీసుకోండి. ఆపదలో 112 ఏ దేశంలోనైనా పనిచేస్తుంది, స్విస్ హెలికాప్టర్ రెస్క్యూ రెగా నంబరు 1414, ఆస్ట్రియా కొండ రెస్క్యూ 140. దారిలో ఆవులు దూడలతో ఉంటే పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, సెల్ఫీల కోసం అసలు పోనివ్వకండి, దూరం నుంచి చుట్టూ తిరిగి వెళ్లండి.

పచ్చడి_ప్రియ
గడ్డిలో నడిచొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, జుట్టు అంచుల్లో పురుగులు పట్టాయేమో చూడండి. చిన్న పేలు లాంటివి, కుట్టి అతుక్కుంటాయి, వాటి వల్ల జబ్బులొస్తాయి. కొసలు సన్నగా ఉన్న పట్టకారు ఒకటి పెట్టుకోండి.

వైర్ల_రాజు
నీళ్లకి డబ్బు పెట్టకండి. ఊళ్లలో తొట్టిలోకి పడే ధార, తాగకూడదని బోర్డు లేకపోతే, శుభ్రమైన నీరే. మనిషికొక సీసా పట్టుకెళ్లండి. టాయిలెట్లకి చిల్లర నాణేలు, కొండ సత్రాల్లో నోట్లు కొన్ని ఉంచుకోండి, కార్డు ప్రతిచోటా నడవదు.

గోదారిగాలి
ఇదంతా అమ్మకి చదివి వినిపించా. పాలకోవా తీసేసింది, చికెన్ పచ్చడి నాన్న ఇక్కడే తినేస్తానన్నారు. నాన్నని రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా, ఎత్తు అంకె రాసుకున్నా. ఇన్స్‌బ్రుక్ ప్లాన్ మా వారికి బాగా నచ్చింది. ఒక్క డౌటు మిగిలింది, మనిషికి ఎన్ని జతల బట్టలు?

లగేజీ_తక్కువ
నాలుగైదు. మధ్యలో ఉతకండి. నలుగురు పెద్దలు, రెండు రైళ్లు మారడం, ఇన్ని సూట్‌కేసులు అంటే ప్లాట్‌ఫాం మీదే అలసిపోతారు.

వరంగల్_వాణి
అపార్ట్‌మెంట్లో వాషింగ్ మెషీన్ ఉందా అని బుకింగ్‌కి ముందే రాసి అడగండి. చాలాచోట్ల బిల్డింగ్ మొత్తానికి బేస్‌మెంట్‌లో ఒకటే ఉంటుంది, వంతు ప్రకారం వాడుకోవాలి. ఫ్లీస్, టీషర్టులు రాత్రి పిండేస్తే పొద్దుటికి ఆరిపోతాయి. సన్నటి నైలాన్ తాడు, డజను క్లిప్పులు పెట్టుకోండి.